అందరికీ కనబడిన కిటికీ

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. అక్కడ నువ్వూ, నీ హాస్టల్లోని ఆడపిల్లలందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ నాలుగు మాటలు రాసేలోపే లేచి వెళ్ళి తలుపు గడియ చూసి వచ్చాను. కులాసా అన్నది అబద్ధం కాదు గాని, అది ఎలాంటి కులాసాయో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. నీ అల్లుడి బరువు తగ్గలేదు. రైలు గార్డుకి పచ్చజెండా ఊపడమే వ్యాయామమని ఆయన వాదన. వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. బాగుచేయడానికి వచ్చినవాడు ఇంకాస్త బాగా కారేట్టు చేసి వెళ్ళాడు. "ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు, నా దగ్గర ఏం దాస్తున్నావే?" అని అడిగావు. దాస్తున్న మాట నిజమే. చివర్లో చెబుతాను. చివరి కాగితానికి దూకెయ్యకు. వారపత్రికలో సీరియల్ కూడా ఆఖరి నుంచి చదివే మనిషివి నువ్వు, అందుకని చెబుతున్నాను.

"కంప్యూటర్ పాఠాలు చెప్పేదానివి, ఇంకా కాగితం మీద రాయడమేమిటే?" అని కూడా వెక్కిరించావు. తెర మీద రాసింది ఎక్కడెక్కడికి పోతుందో, ఎవరెవరు చూస్తారో ఇప్పుడు నాకు బాగా తెలుసమ్మా. అందుకే పెన్ను పట్టుకున్నాను.

ఈ ఏడాది తొమ్మిదో తరగతికి వెబ్ పేజీ తయారు చేయడం నేర్పుతున్నానని రాశాను కదా. అదేమిటో అర్థమయ్యేలా చెప్పమన్నావు. మీ హాస్టల్ వరండాలో నోటీసు బోర్డు ఉంది చూడు, పేజీ అంటే అలాంటిదే. అందులో ఏది ఎక్కడుండాలో కంప్యూటర్‌కి చిన్న చిన్న గుర్తులతో చెప్పాలి. ఇక్కడ హెడ్డింగు మొదలు అని ఒక గుర్తు, ఇక్కడితో హెడ్డింగు ఆఖరు అని ఇంకో గుర్తు. ఆ రెండోది మరచిపోతే పేజీ మొత్తం లావుపాటి అక్షరాలైపోతుంది. "మేడమ్, నా పేజీ అరుస్తోంది!" అని పిల్లలు గోల పెడతారు. వెళ్ళి చూస్తే నిజంగానే అరుస్తున్నట్టే ఉంటుంది. మా ల్యాబు పై అంతస్తులో చివరి గది. కీబోర్డుల మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చుని, మోచేతులతో పొడుచుకుంటూ నేర్చుకుంటారు. నా ఉద్యోగంలో నాకు అంత ఇష్టమైన గంట ఇంకొకటి లేదు. ఇష్టంగా ఉండేది అనాలేమో ఇప్పుడు.

వాళ్ళలో ఒక పిల్ల ఉంది. ఏడాది మధ్యలో వచ్చి చేరింది. పొట్టిగా, సన్నగా, పిలిస్తే ఉలిక్కిపడి అటూ ఇటూ చూసే ఆ పిల్లని క్లాసంతా పిచ్చుక అంటారు. తనకీ ఆ పేరు ఇష్టమే. ఏ మాస్టారు ఏమడిగినా తల దించుకుంటుందట. నా క్లాసులో మాత్రం పిచ్చుకకి నోరొచ్చింది. "మేడమ్, బొమ్మ మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకునేట్టు చేయొచ్చా?" అని మొదట అడిగింది ఆ పిల్లే.

ఎవరికి నచ్చిన విషయం మీద వాళ్ళని పేజీ చేయమన్నాను. నమూనాగా ముందు నాది ఒకటి చేసి చూపించాను. మా ఇంటి ముందు మెట్లు, వాటి మీద నేను పెంచే పూలమొక్కలు. పిల్లల్లో కొందరు ఆటల మీద చేశారు, కొందరు బైకుల మీద. పిచ్చుక "మా కిటికీ" అని చేసింది. వాళ్ళ కిటికీలోంచి కనబడే లాండ్రీ షాపు బోర్డు, అందులో ఎప్పుడూ వెలగని ఒక అక్షరం, పక్క మేడ మీద ఎవరో వదిలేసిన మంగలి కుర్చీ, ఆ కుర్చీలో దర్జాగా కూర్చునే పిల్లి. పిల్లి మీద నొక్కితే దాని దినచర్య ఇంకో పేజీలో తెరుచుకుంటుంది. "ఉదయం: నిద్ర. మధ్యాహ్నం: నిద్ర, కానీ ఇంకో వైపు తిరిగి." స్టాఫ్‌రూములో చదివి అందరం పడీపడీ నవ్వాం.

వార్షికోత్సవానికి ఈ పేజీలన్నీ స్కూలు వెబ్‌సైట్‌లో పెట్టమన్నారు హెడ్మిస్ట్రెస్. అంటే, అమ్మా, అంతవరకూ హాస్టల్ వరండాలో ఉన్న బోర్డుని పీకి నడివీధిలో పాతడమన్నమాట. నేను ఎగిరి గంతేశాను. ముందు పేజీలో క్లాసు ఫోటో పెట్టి, దాని కింద వరసగా అందరి పేర్లూ రాశాను. ఎక్కించబోతుంటే పిచ్చుక నా కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది.

"మేడమ్, నా పేరూ ఫోటో లేకుండా పెట్టొచ్చా?"

"ఎందుకే సిగ్గు? అందరికంటే నువ్వే బాగా చేశావు. నీ పేరే పెద్దక్షరాలతో పెట్టాలి అసలు!"

ఆ పిల్ల తెర మీది తన పేరుకేసి ఒకసారి చూసింది. వెళ్ళి తన చోట కూర్చుంది. అది సిగ్గు కాదమ్మా. నేను సిగ్గనుకున్నాను.

వార్షికోత్సవం అయిపోయి, స్కూలు మళ్ళీ మామూలుగా నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా వరండాలో ప్యూన్‌తో ఎవరో మాట్లాడుతున్నారు. మెత్తటి గొంతు. ఆ గొంతు వినబడగానే ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. నేను తల తిప్పేసరికి పిచ్చుక కుర్చీ ఖాళీ. మా టేబుళ్ళు వరసగా కలిపేసి ఉంటాయి, కింద అంతా వైర్లూ దుమ్మూ. ఆ వైర్ల మధ్యన పాక్కుంటూ పోతున్న చిన్న కాలు ఒక్క క్షణం కనబడింది.

ప్యూన్ తలుపు తీసి, "మేడమ్, ఈయన మన పిల్లల పేజీలు చూద్దామని వచ్చారు" అన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, ముఖం మీద నవ్వు. చేతులు జోడించాడు.

"నమస్కారం మేడమ్. మీ స్టూడెంట్ నాన్నని." పిచ్చుక అసలు పేరు చెప్పాడు. "ఇవాళ రాలేదా అండీ?"

ఏం జరుగుతోందో నాకింకా తెలియదు. ఒక పిల్ల తండ్రి గొంతు విని టేబుల్ కింద దూరింది, అంతే తెలుసు. అది చాలదా? నా బదులు రేడియో జవాబు చెప్పింది. రేడియో అంటే మా క్లాసులో నోరు మూతపడని పిల్ల. పిచ్చుక పక్క సీటు తనది.

"లేదంకుల్. జ్వరం. నిన్న కూడా రాలేదు."

ఎంత మామూలుగా చెప్పిందో! చెబుతూనే కాలితో తన బ్యాగుని టేబుల్ కిందికి, పిచ్చుకకి అడ్డంగా తోసింది. ఎప్పుడూ సంతలా ఉండే క్లాసు, చీమ చిటుక్కుమంటే వినబడేట్టు ఉంది. ఎవరూ కిందికి చూడలేదు. అందరూ తెరలకేసి చూస్తున్నారు, తొమ్మిదో తరగతి పిల్లలు!

అతను ఆ ఖాళీ కుర్చీలోనే కూర్చున్నాడు. తెర మీద పిల్లి పేజీ తెరిచే ఉంది. "ఇదేనా? భలే చేసిందండీ" అని పేజీ వెనక్కి తిప్పి కిటికీ ఫోటో పెట్టుకున్నాడు. "ఈ కిటికీ ఏ వీధి వైపు ఉంటుందండీ?"

"నాకు తెలియదండి."

"లాండ్రీ పేరు సగమే కనబడుతోంది. ఈ ఫోటో కొంచెం పెద్దది చేసి చూపిస్తారా?"

అడగడంలో ఎక్కడా తొందర లేదు. ఫోటో పెద్దది చేస్తే ఆ బోర్డు మీద వీధి పేరు కూడా కనబడుతుంది. మెయిన్ స్విచ్ నా వెనక గోడకే ఉంది. వీపు గోడకి ఆనించి, చెయ్యి వెనక్కి పెట్టి ఆపేశాను. తెరలన్నీ ఒక్కసారి చీకటైపోయాయి.

"అబ్బా, మళ్ళీ కరెంటు!" అని మూలుగులు మొదలయ్యాయి. నేను స్విచ్ ఆపడం ముందు వరస పిల్లలు చూశారు. చూసినవాళ్ళే అందరికంటే గట్టిగా మూలిగారు.

అతను లేచాడు. "పరవాలేదు మేడమ్, మళ్ళీ వస్తాను. పిల్లలకి చాలా మంచి విద్య నేర్పుతున్నారు."

అతను మెట్లు దిగి, గేటు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిచ్చుకని రేడియో బయటికి లాగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గౌనుకి అంటిన దుమ్ము దులుపుకుంటూ, "అమ్మకి చెప్పాలి మేడమ్. మేం ఇవాళే వెళ్ళిపోవాలి" అంది, పెద్దవాళ్ళు రైలు టైము చెప్పినట్టు.

వెనక గేటులోంచి తనని తీసుకుని వాళ్ళమ్మ పని చేసే చోటుకి వెళ్ళాను. బట్టలు చిన్నవీ పెద్దవీ చేసే దుకాణంలో ఆమె మిషను కుడుతుంది. నన్నూ పిల్లనీ ఆ వేళప్పుడు గుమ్మంలో చూడగానే మిషను ఆపేసింది. ఏం జరిగిందని అడగలేదు. "ఎక్కడ కనబడ్డాడు?" అంది.

మొత్తం చెప్పాను, పేరు పెట్టొద్దని పిల్ల అడిగిన సంగతి కూడా. తిడుతుందని ఎదురు చూశాను. ఆమె కుడుతున్న గుడ్డ మడతపెట్టి, దారం కండెలు డబ్బాలో వేసుకుంటూ, "మీకేం తెలుసు మేడమ్? మేం చెప్పలేదుగా. చెబితే ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చూశారు, అందుకని చెప్పడం మానేశాం" అంది. ఇంతకుముందు కూడా ఇలాగే ఊళ్ళు మారారట. అతను వాళ్ళ దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు వచ్చిన వారంలోనే ఆమె మణికట్టు విరిచాడు. ఆ కిటికీ ఉన్న గదికి ఇక వెళ్ళే దారి లేదు. నేను ఆలోచించలేదమ్మా, మన ఇంటికి రమ్మన్నాను.

నీ అల్లుడు డ్యూటీ నుంచి వచ్చి, ముందు గదిలో పరుపులు చూసి, విషయం విని, "సరే, నేను సోఫా మీద పడుకుంటాను, నా గురకకి మాత్రం కేసు పెట్టకండి" అన్నాడు. పిచ్చుక అప్పుడు కొంచెం నవ్వింది. మరునాడు నేనూ, తల్లీకూతుళ్ళూ పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. ఉత్తర్వు చూశారు, రాసుకున్నారు, కనబడితే ఫోన్ చేయమన్నారు. పిల్లల పేజీలన్నీ నేను తీసేశాను. హెడ్మిస్ట్రెస్ కూడా భయపడిపోయి, తలుపులేసుకుని నన్ను కాసేపు తిట్టి, తర్వాత మంచినీళ్ళిచ్చారు.

నీకు ఫోన్లో సరిగ్గా మాట్లాడనిది అప్పటి నుంచే. వీధిలో స్కూటర్ ఆగితే లేచి గడియ చూసేదాన్ని. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే ముగ్గురం మాట మధ్యలో ఆపేసేవాళ్ళం. పోస్టు తెచ్చే అబ్బాయి కూడా నా ముఖం చూసి, "ఏమైందండీ, నేనే!" అనేవాడు. గరిటె చేతిలోంచి జారినా పిల్ల మంచం కిందికి దూరేది.

ఇక దాచిన సంగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం నీ అల్లుడు డ్యూటీలో ఉండగా తలుపు చప్పుడైంది. గట్టిగా కాదు, వేలితో మెల్లగా. తర్వాత ఆ గొంతు.

"మేడమ్, గొడవ చేయడానికి రాలేదు. వాళ్ళని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

ఇల్లెలా తెలిసిందని అనుకుంటున్నావు కదా. నేనూ అదే అనుకుంటుంటే, అతనే చెప్పాడు. "మీ పేజీ కూడా చూశాను మేడమ్. చాలా బాగుంది. నీలం కుండీలు, గోడ మీద వీధి పేరూ, ఇంటి నంబరూ. ఫోటోలో కంటే మెట్లే కొంచెం చిన్నవి." పిల్లలవన్నీ తీసేశానే గాని, వాటితోపాటే వెబ్‌సైట్‌లో ఎక్కించిన నా నమూనా పేజీ తీయాలని నాకు తట్టనేలేదమ్మా. భయమంతా వాళ్ళ కోసమే అనుకున్నాను, నా ఇల్లు కూడా వీధిలోనే నిలబడి ఉందని చూసుకోలేదు.

"ఇక్కడెవరూ లేరు" అన్నాను.

"అయితే తలుపు తీయడానికేం మేడమ్? మీవారు డ్యూటీలో ఉన్నట్టున్నారు. ఎందుకు మీకీ తలనొప్పి? మీ సంసారం మీది, మా సంసారం మాది. వాళ్ళని బయటికి పంపించండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

అమ్మా, ఇది ఎవరికీ చెప్పలేదు, ఆయనకి కూడా. ఆ మాట నాకు న్యాయంగా తోచింది. ఎవరు వీళ్ళు నాకు? క్లాసులో ఒక పిల్ల, ఆ పిల్ల తల్లి. పంపించేస్తే రేపటి నుంచి నిద్రపోవచ్చు, కిటికీలు తీసుకోవచ్చు. నా చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. వెళ్ళింది అంటే తనంతట తాను వెళ్ళినట్టుంటుంది. కాదు, నేనే పెట్టాను. పెట్టి సగం లాగాను కూడా.

వెనక అలికిడైంది. పిచ్చుక తల్లి చెప్పులు వేసుకుని వచ్చి నిలబడింది. నా చెయ్యి ఎక్కడుందో చూసింది.

"తీయండి మేడమ్" అంది గుసగుసగా. "నేను వెళ్తాను. పిల్ల ఇక్కడ లేదని, ఎక్కడికో పంపించేశామని చెప్పండి. దాన్ని మాత్రం చూసుకోండి."

కోపం లేదు ఆ ముఖంలో. నేను అలా చేస్తానని ముందే తెలిసినట్టు, అందుకు సిద్ధంగా చెప్పులేసుకున్నట్టు ఉంది. ఆ చెప్పులు చూశాక నాకు ఏమైందో చెప్పలేను. గడియ మళ్ళీ బిగించాను. భోజనాల బల్ల ఒక వైపు నేను, ఇంకో వైపు ఆమె పట్టుకుని ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టాం. బల్ల జరిగిన చప్పుడు అతనికీ వినబడింది. అప్పుడు మొదటిసారి అతని అసలు గొంతు విన్నాను. ఆ మాటలు నీకు రాయను. తలుపు మీద ఒక తన్ను, ఇంకో తన్ను, కుండీ పగిలిన చప్పుడు, కింది చెక్క నిలువునా బీట.

సరిగ్గా అప్పుడే పైవాటా నర్సమ్మగారు బాల్కనీలోకి వచ్చారు. రిటైరైనా ఇంకా వార్డులో ఉన్నట్టే అరుస్తారని ఆవిడ గొంతు గురించి నీకు ఎన్నిసార్లు ఫిర్యాదు చేశానో! అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

"ఎవడ్రా అది? ఆడవాళ్ళున్న ఇంటి తలుపు తంతావా? పోలీసులకి ఫోన్ చేశాను, దమ్ముంటే అక్కడే నిలబడు! ఏవండోయ్, అందరూ బయటికి రండి!"

వీధిలో ఒక్కో తలుపే తెరుచుకుంది. నిజంగానే ఆవిడ ముందు ఫోన్ చేసి, తర్వాతే అరిచారట. అతను మెట్లు దిగేసరికి వీధి మొగలో జనం అడ్డంగా నిలబడి ఉన్నారు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. జీపు ఎక్కేటప్పుడు చొక్కా సవరించుకుని, మా కిటికీకేసి చూసి మళ్ళీ నవ్వాడు.

ఇప్పుడు లోపలే ఉన్నాడు. ఎంతో కాలం ఉండడని, బెయిలు వస్తుందని వాళ్ళ కేసు చూస్తున్న లాయరమ్మ ముందే చెప్పింది. వచ్చాక ముందు చూసేది ఈ ఇల్లే. అందుకే నీ అల్లుడూ నేనూ అన్ని విధాలా ఆలోచించాం. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది పోస్టు అబ్బాయి కాదు కదా. ఎవరో ఏమిటో అడక్కుండానే నువ్వు వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి ఉంటావు. వాళ్ళే అమ్మా. ఆయన తన రైల్లోనే ఎక్కించి తీసుకొచ్చి ఉంటాడు. స్టేషను నుంచి మీ హాస్టల్ దాకా ఆయన వెంట రాకపోవడం మంచిదనుకున్నాం.

పిల్లకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఎందుకో నువ్వు ఊహించుకోగలవు, అడక్కు. తలుపు కనబడే చోటే కూర్చుంటుంది, జరగమనకు. మీ హాస్టల్ పిల్లలు సరదాకి కూడా తన ఫోటో తీయకుండా చూడు. తల్లి పనిమంతురాలు, ఖాళీగా ఉంటే ఆమెకి ఊపిరాడదు. మీ కర్టెన్లన్నీ చిరిగాయన్నావు కదా, ఇచ్చెయ్యి.

నా పాఠం సంగతి కూడా చెప్పాలి. ఆపేస్తానని హెడ్మిస్ట్రెస్‌కి చెప్పబోతుంటే రేడియో అడ్డం తగిలింది. "మేడమ్, పేజీ అందరికీ కనబడకుండా చేయడం ముందు నేర్పండి. రంగులు తర్వాత నేర్చుకుంటాం" అంది. సరేనన్నాను. ఎవరి పేజీకి వాళ్ళు తాళం వేసుకోవడమే ఇప్పుడు మాకు మొదటి పాఠం. చెబుతుంటే నా గొంతు ఇంకా వణుకుతూనే ఉంటుంది. పిల్లలు విననట్టు నటిస్తారు, నటించడం వాళ్ళకి బాగా వచ్చు.

వాళ్ళమ్మ నా చెయ్యి గడియ మీద చూసింది కదా. ఇందాక ప్రయాణానికి మూట కట్టుకున్నాక ఆ చేతినే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. నువ్వు ఆమెని అడక్కు, నాకు మాత్రం నువ్వయినా తెలిసి ఉండాలనిపించింది.

చదివాక ఈ కాగితాలు పొయ్యిలో వెయ్యి. నాకు జవాబు రాయకు. నీ దస్తూరీతో మీ ఊరి ముద్ర ఉన్న కవరు ఈ గుమ్మంలోకి రాకూడదు, ఎవరైనా చూడవచ్చు. ఫోన్లో కుళాయి గురించి, దగ్గు గురించి మాట్లాడుకుందాం. నాకు బుద్ధి తెలిశాక నీ ఉత్తరం రాకూడదని కోరుకోవడం ఇదే మొదటిసారి. రానన్నాళ్ళూ, వాళ్ళిద్దరూ నీ దగ్గర క్షేమంగా ఉన్నారనుకుంటాను.

ఇట్లు,
నీ పిరికి పెద్దమ్మాయి